నీ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కడిది? వైరస్‌ల పాఠం నాకు అర్థమైన తీరు

నేను జూనియర్ లెక్చరర్ బోటనీ పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి కొద్దిలో పోయింది, రెండోసారి పోస్టు వచ్చింది. ప్రిపరేషన్ అంతా ఎలా సాగిందో రాయమని చాలామంది అడిగారు. కానీ నేను ఒక్క పాఠం గురించే రాస్తాను: వైరస్‌లు, వాటి వెంట వచ్చే, వైరస్ కంటే సాదా వ్యాధి కారకాలైన వైరాయిడ్లు, ప్రియాన్లు. మొదటిసారి ఎక్కువ గంటలు పెట్టి తక్కువ మార్కులు తెచ్చుకున్న పాఠం ఇదే. రెండోసారి ఇందులో ఒక్క ప్రశ్న కూడా వదలలేదు. డీఎస్సీ, గ్రూప్-2, నీట్ రాసేవాళ్లకు కూడా ఇది ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

మొదటిసారి నేను చేసింది ఏమిటంటే, ఒక పెద్ద టేబుల్ గీసి గోడకు అంటించాను. వైరస్ పేరు, వ్యాధి, ఆకారం, డీఎన్‌ఏనా ఆర్‌ఎన్‌ఏనా, దేని ద్వారా వ్యాపిస్తుంది. అరవై వరుసలు. ఎక్కాలు బట్టీ పట్టినట్టు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చదివేదాన్ని. పరీక్ష హాల్లో మాత్రం తన సొంత పాలిమరేజ్‌ను (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల నకలు తీసే ఎంజైమ్) వెంట తెచ్చుకునే వైరస్ ఏది అనే తరహా ప్రశ్న ఎదురైంది. నా టేబుల్‌లో ఆ గడే లేదు. నాలుగు ఆప్షన్లలో ఉన్న నాలుగు వైరస్‌ల పేర్లూ, వ్యాధులూ అన్నీ తెలుసు. జవాబు మాత్రం తెలియదు. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ చాలా బాధపడ్డాను.

రెండోసారి చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్క కుర్చీలో ఒక అక్క చదివేది. మైక్రోబయాలజీ చేసింది. ఒక సాయంత్రం నా నోట్స్ తిరగేసి, “ప్రోటీన్లు తయారు చేసే రైబోజోమ్‌కు ఏం కావాలి?” అని అడిగింది.

“ఎంఆర్‌ఎన్‌ఏ. ప్రోటీన్ ఎలా కట్టాలో చెప్పే ఆదేశం.”

“వైరస్‌కు సొంత రైబోజోమ్ ఉందా?”

“లేదక్కా.”

“మరి దానికి ప్రోటీన్లు కావాలంటే మన రైబోజోమ్ దగ్గరికి ఎంఆర్‌ఎన్‌ఏ చేరాలి కదా. ప్రతి వైరస్‌నూ ఇదే అడుగు. నీ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కడిది, దాన్ని ఎవరు తయారు చేశారు అని. టేబుల్ చించేయ్.”

టేబుల్ చించలేదు గానీ గోడ మీద నుంచి తీసేశాను. అక్క చెప్పింది కొత్త విషయమేమీ కాదు. 1971లో డేవిడ్ బాల్టిమోర్ వైరస్‌లను వర్గీకరించింది ఈ ప్రాతిపదిక మీదే. మొదట ఆరు గుంపులు, తర్వాత ఏడోది చేరింది. నేను ఆ ఏడింటినీ బట్టీ పట్టాను తప్ప, వాటి వెనుక ఉన్న ప్రశ్న ఇదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు.

ఇప్పుడు అడిగి చూద్దాం. పోలియో, డెంగీ, చికున్‌గున్యా, కరోనా, పొగాకు మొజాయిక్ వైరస్. ఇవన్నీ పాజిటివ్ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. అంటే వాటి జీనోమ్ (మొత్తం జన్యు పదార్థం) నేరుగా ఎంఆర్‌ఎన్‌ఏలా పనిచేస్తుంది. కణంలోకి రాగానే రైబోజోమ్ దాన్ని చదివేస్తుంది, ముందుగా ఏ ఎంజైమూ అవసరం లేదు. దీని నుంచి ఇంకో సంగతి దానంతటదే తెలుస్తుంది. ఇలాంటి వైరస్‌ల్లో ప్రోటీన్ తొడుగు తీసేసి ఒట్టి ఆర్‌ఎన్‌ఏ ఎక్కించినా ఇన్ఫెక్షన్ రావాలి. 1956లో పొగాకు మొజాయిక్ వైరస్‌తో సరిగ్గా ఇదే నిరూపించారు. ఆర్‌ఎన్‌ఏ కూడా జన్యు పదార్థమే అనడానికి మనం రాసే ఉదాహరణ ఇదే.

రేబిస్, తట్టు, గవదబిళ్లలు, ఫ్లూ, నిపా వైరస్‌లు నెగెటివ్ ఆర్‌ఎన్‌ఏ గుంపు. వీటి జీనోమ్ ఎంఆర్‌ఎన్‌ఏకు పూరకంగా ఉంటుంది, పోతపనిలో మూస లాగా. రైబోజోమ్ దాన్ని చదవలేదు. ముందు దాని మీద ఎంఆర్‌ఎన్‌ఏ పోత పోయాలి. ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ జీనోమ్‌ను నకలు తీసే ఎంజైమ్ మన కణాల్లో వీటికి దొరకదు. అందుకే వైరస్ ఆ పాలిమరేజ్‌ను తన కణికలోనే పెట్టుకుని వస్తుంది. మొదటిసారి నేను వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇంతే! రోటా వైరస్‌లో ఆర్‌ఎన్‌ఏ రెండు పోగులు. అక్కడా ఇదే ఇబ్బంది కాబట్టి అదీ పాలిమరేజ్ తెచ్చుకుంటుంది.

డీఎన్‌ఏ వైరస్‌లకు ఎంఆర్‌ఎన్‌ఏ తీసే పాలిమరేజ్ మన కేంద్రకంలో ఉంది. కాబట్టి హెర్పిస్, అడినో లాంటివి కేంద్రకంలోకి వెళ్తాయి. మశూచి వైరస్ వెళ్లదు, కణద్రవ్యంలోనే పని ముగించుకుంటుంది. మరి దానికి పాలిమరేజ్ ఎలా? సొంతంగా తెచ్చుకోవాలి, తెచ్చుకుంటుంది కూడా. అందుకే దాని జీనోమ్ అంత పెద్దది. ఇటువైపు చూస్తే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు ఎక్కువగా కణద్రవ్యంలో ఉంటే ఫ్లూ మాత్రం కేంద్రకంలోకి వెళ్తుంది. మన ఎంఆర్‌ఎన్‌ఏల కొసన ఉండే టోపీని కత్తిరించి తన ఎంఆర్‌ఎన్‌ఏలకు తగిలించుకోవడానికి. ఈ రెండు మినహాయింపులనూ పరీక్షల్లో పదేపదే అడుగుతారు. కారణం తెలిస్తే మళ్లీ మర్చిపోరు.

హెచ్ఐవీ కథ వేరు. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాసుకుని మన క్రోమోజోమ్‌లో చేరిపోతుంది, ఆ తర్వాత మన పాలిమరేజే దానికి ఎంఆర్‌ఎన్‌ఏ తీసి పెడుతుంది. ఆ వెనక్కి రాసే ఎంజైమ్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా కనుక్కున్నారు. 1975 నోబెల్‌ను డల్బెకోతో కలిసి పంచుకున్నారు. హెపటైటిస్ బి ఇంకో మలుపు. అది డీఎన్‌ఏ వైరసే, కానీ నకళ్లు తీసుకోవడానికి మధ్యలో ఆర్‌ఎన్‌ఏ దశ గుండా వెళ్తుంది, దానికీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఉంది. హెపటైటిస్‌లలో ఎ, సి, డి, ఇ ఆర్‌ఎన్‌ఏవి, బి ఒక్కటే డీఎన్‌ఏది. ఈ వైరస్ ఉపరితల ప్రోటీన్‌ను ఈస్ట్‌లో తయారు చేసి, మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్‌తో చేసిన) హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో వ్యాక్సిన్ల పేజీ రాసేవాళ్లు దీన్ని అక్కడ కాకుండా ఇక్కడ, వైరస్ పక్కనే రాసుకోండి.

మొక్కల వైరస్‌ల దగ్గర మా ఊరు గుర్తొచ్చింది. మాకు మినుము వేస్తారు. ఆకులు పసుపు మచ్చలతో మొదలై చేను మొత్తం పసుపుబారిపోయే పల్లాకు తెగులు మా నాన్నకు నా చదువు కంటే పాత పరిచయం. మొక్కల వైరస్‌లు ఎక్కువగా ఆర్‌ఎన్‌ఏవి. పల్లాకు తెచ్చేది మాత్రం జెమిని వైరస్ కుటుంబం, ఒంటి పోగు డీఎన్‌ఏ. రెండు తొడుగులు కవలల్లా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. మిర్చి రైతులు కూడా ‘జెమిని వచ్చింది’ అనే అంటారు, అదే పేరుతో. దాన్ని మోసేది తెల్లదోమ. ఒకసారి నాన్న ఫోన్‌లో, “మందు కొట్టాం కదమ్మా, మచ్చలు ఎందుకు పోవట్లేదు?” అని అడిగారు. మందు దోమను చంపుతుంది నాన్నా, మొక్క లోపలికి వెళ్లిన వైరస్‌ను ఏమీ చేయలేదు, ఆ మొక్కలు పీకేయాలి, లేకపోతే దోమ వాటి మీద వాలి పక్క మొక్కలకు అంటిస్తుంది అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబునే నోట్స్‌లో రాసుకున్నాను. నువ్వుల వెర్రి తెగులును మాత్రం ఈ జాబితాలో కలపకండి, అది ఫైటోప్లాస్మా అనే గోడ లేని బాక్టీరియా వల్ల వచ్చేది.

చరిత్ర భాగం నాకు తేలిగ్గానే వచ్చింది, అందుకే క్లుప్తంగా చెబుతాను. 1892లో ఇవనోవ్‌స్కీ జబ్బు చేసిన పొగాకు ఆకు రసాన్ని బాక్టీరియా దాటలేని ఫిల్టర్‌లో వడకట్టినా అది జబ్బు తెప్పించింది. 1898లో బైజరింక్ దాన్ని జీవమున్న అంటు ద్రవం అన్నాడు. 1935లో స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా మార్చాడు. స్టాన్లీకి 1946లో వచ్చింది రసాయన శాస్త్రంలో నోబెల్, వైద్యంలో కాదు. జన్యు పదార్థం డీఎన్‌ఏయే అని బాక్టీరియా వైరస్‌లతో చూపిన హర్షీ, చేజ్ 1952 ప్రయోగంలో గంధకం ప్రోటీన్‌ను, భాస్వరం డీఎన్‌ఏను గుర్తుపట్టడానికి. బాక్టీరియాలో వైరస్ సాగే రెండు దారులైన లైటిక్, లైసోజెనిక్ చక్రాలను చదవకండి, బొమ్మ గీయండి, చాలు.

ఒక్క చోట మాత్రం నేను ఆగిపోయాను. చండీపురా వైరస్. 1965లో నాగ్‌పూర్ దగ్గరి చండీపురా గ్రామం పేరు మీద వచ్చింది. రేబిస్ కుటుంబమే, తూటా ఆకారం, నెగెటివ్ ఆర్‌ఎన్‌ఏ, ఇసుక ఈగ ద్వారా వ్యాపిస్తుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వస్తే 183 మంది చనిపోయారు. వాళ్లు ఇప్పుడు ఉండి ఉంటే మనలో చాలామంది వయసు వాళ్లే. దీన్ని ఒక గడిలో ‘వాహకం: ఇసుక ఈగ’ అని రాసి పక్కకు వెళ్లడానికి మనసు ఒప్పలేదు. ఒక పేజీ మొత్తం రాశాను. మార్కుల లెక్కలో అది ఎక్కువే కావచ్చు, అయినా మళ్లీ రాయాల్సి వచ్చినా అలాగే రాస్తాను.

ఇక అక్క ప్రశ్న పనిచేయని చోటుకు వద్దాం. 1971లో డైనర్ బంగాళాదుంప కదురు దుంప వ్యాధిలో వైరాయిడ్‌ను కనుక్కున్నాడు. వలయంలా ఉన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, తొడుగు లేదు. నీ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కడిది అని అడిగితే దానికి జవాబే లేదు, ఎందుకంటే అది ఏ ప్రోటీన్‌నూ తయారు చేయించదు. నకలు తీసే పని కూడా మొక్క ఎంజైమే చేసి పెడుతుంది.

ప్రియాన్‌కు ఆ ఆర్‌ఎన్‌ఏ కూడా లేదు. ఈ వాక్యం నేను బీఎస్సీలోనే చదివాను, కానీ ఎంత విచిత్రమో రెండో ప్రిపరేషన్‌లో తెలిసింది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ఏదీ లేకుండా ఒక జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా వెళ్తుంది?

పపువా న్యూగినీలో ఫోరే తెగ వాళ్లు చనిపోయిన బంధువుల శరీరాన్ని గౌరవంతో తినే ఆచారం పాటించేవారు. వాళ్లలో కురు అనే జబ్బు వచ్చేది, ఒళ్లు వణికి, నడక పోయి, చనిపోయేవారు. ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ, ఎందుకంటే మెదడు భాగం వాళ్ల వాటాకు వచ్చేది. 1959లో హాడ్లో అనే పశువైద్య శాస్త్రవేత్త ఆ రోగుల మెదడు ఫోటోలు చూశాడు. గొర్రెలకు వచ్చే స్క్రేపీలో మెదడు స్పంజిలా చిల్లులు పడినట్టే ఇక్కడా ఉంది! ఆయన లాన్సెట్‌కు ఒక ఉత్తరం రాశాడు. తర్వాత గాజ్‌డుసెక్ బృందం కురును చింపాంజీలకు ఎక్కించి చూపించింది. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది, హెపటైటిస్ బి కనుక్కున్న బ్లూమ్‌బర్గ్‌తో కలిపి. ఇంకోవైపు టిక్వా ఆల్పర్, కేంద్రకామ్లాలను (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) పాడుచేసే రేడియేషన్ పెట్టినా స్క్రేపీ కారకం చావడం లేదని చూపించింది. 1982లో ప్రూసినర్ దానికి ప్రియాన్ అని పేరు పెట్టి, ఇది ప్రోటీనే అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు ఒక్కడికే నోబెల్ ఇచ్చారు.

జవాబు ఏమిటంటే, ఆ ప్రోటీన్ మనదే. మన 20వ క్రోమోజోమ్ మీది జన్యువు నుంచి వస్తుంది, నాడీకణాల మీద మామూలుగానే ఉంటుంది. అమైనో ఆమ్లాల వరుస మారదు, మడత మారుతుంది. ఆల్ఫా హెలిక్స్‌లు (మెలికలు) ఎక్కువగా ఉన్న రూపం బీటా షీట్లు (పలకల్లాంటి మడతలు) ఎక్కువగా ఉన్న రూపంగా మారి, పక్కనున్న మంచి ప్రోటీన్లను కూడా తనలా మడత పెడుతుంది. మా రూమ్‌మేట్ దీన్ని పాలకు తోడు వేయడంతో పోల్చింది. నాకు అది సరిపోదనిపించింది, తోడులో బాక్టీరియా బతికి పెరుగుతాయి. ఇక్కడ పెరిగేది ఏదీ లేదు. పాకంలో ఒక పంచదార పలుకు పడితే దాని చుట్టూ మిగతాది పలుకులు కడుతుందే, అది దగ్గర. పంచదార అదే, అమరిక మారింది. 1993లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలకు స్క్రేపీ ఎక్కిస్తే జబ్బు రాలేదు. పాకమే లేని గిన్నెలో పలుకు వేసినట్టు.

ఇది అర్థమయ్యాక మిగతావి వాటంతటవే వచ్చాయి. మన ప్రోటీనే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా చూడదు, జ్వరం ఉండదు, యాంటీబాడీలు రావు. కేంద్రకామ్లం లేదు కాబట్టి అతినీలలోహిత కిరణాలకు లొంగదు. మడత గట్టిది కాబట్టి 121 డిగ్రీల మామూలు ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర) సరిపోదు, ఫార్మాలిన్ పనిచేయదు. బ్రిటన్‌లో 1986లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, ఆవులకు పశువుల మాంసం, ఎముకల పొడి దాణాగా పెట్టడం వల్ల వ్యాపించింది. 1996లో దానికి మనుషుల్లోని కొత్త రకం సీజేడీతో (మెదడును దెబ్బతీసే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి) సంబంధం ఉందని ప్రకటించారు. సెంట్రల్ డాగ్మాను (వరుస సమాచారం ఒకసారి ప్రోటీన్‌లోకి వెళ్తే వెనక్కి రాదనే సూత్రం) ఇది దెబ్బతీస్తుందా అని డిస్క్రిప్టివ్‌లో అడిగితే నా జవాబు: లేదు, వరుస సమాచారం ప్రోటీన్ నుంచి వెనక్కి వెళ్లడం లేదు, ప్రోటీన్ నుంచి ప్రోటీన్‌కు వెళ్తున్నది ఆకారం.

రోజూ పేపర్లో ఏదైనా వైరస్ పేరు కనిపిస్తే ఇప్పటికీ ముందు మూడు మాటలు రాస్తాను: జీనోమ్ ఏది, ఎంఆర్‌ఎన్‌ఏ ఎవరు తీస్తారు, ఆ పని ఎక్కడ జరుగుతుంది. వ్యాధి లక్షణాలు ఆ తర్వాతే. మీరూ ఒకటి చేసి చూడండి. ఎంపాక్స్, అది మశూచి కుటుంబానిదే. ఆ మూడు గడులూ పుస్తకం తెరవకుండా నింపండి.