సముద్రం లేని ఊళ్ళో సర్ఫ్ గిటార్: మా బేస్‌మెంట్ బ్యాండ్ ఆరు నెలల లెక్క

నవంబరు 2

నిన్న బావ వాళ్ళ బేస్‌మెంట్‌లో మాట ఖాయం అయిపోయింది. విశాఖలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నలుగురం కలిసి వాయించేవాళ్ళం. ఉద్యోగాలొచ్చాక ఎవరి దారి వాళ్ళది. ఇద్దరం మినియాపొలిస్ చేరాం. ఆ ఇద్దరిలో ఒకడు మా అక్కని పెళ్ళి చేసుకుని బావ అయ్యాడు. మిగతా ఇద్దరూ ఇండియాలోనే ఉన్నారు, వాయించడం ఎప్పుడో వదిలేశారు. ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పుడు బావ బేస్ గిటార్ కొన్నాడు. మేనల్లుడు స్కూల్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తున్నాడు. "ముగ్గురం చాల్లేరా, ఆదివారం నుంచి మొదలెడదాం" అన్నాడు బావ.

ఏం వాయించాలన్న దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. సర్ఫ్ రాక్, అంటే పలక మీద నిలబడి అలల మీద స్వారీ చేసే సర్ఫింగ్ చుట్టూ పుట్టిన గిటార్ సంగీతం. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ట్రాష్‌మెన్ అనే ఇక్కడి పాత బ్యాండ్ సంగతి తెలిసినప్పటి నుంచీ నా మనసు దాని మీదే ఉంది.

సర్ఫ్ సంగీతం పుట్టింది కాలిఫోర్నియా తీరంలో. కానీ అమెరికా మొత్తాన్ని ఊపేసిన సర్ఫ్ రికార్డుల్లో ఒకటి తయారైంది ఇక్కడ, ఏ సముద్రానికీ దగ్గర కాని మిన్నెసోటాలో. చేసింది ట్రాష్‌మెన్: టోనీ ఆండ్రిసన్ లీడ్ గిటార్, డాల్ విన్‌స్లో రిథమ్ గిటార్, బాబ్ రీడ్ బేస్, స్టీవ్ వారర్ డ్రమ్స్. 1962లో మొదలైన బ్యాండ్. అంతకుముందు వీళ్ళలో ముగ్గురు జిమ్ థాక్స్‌టర్ అండ్ ది ట్రావెలర్స్ అనే స్థానిక బ్యాండ్‌లో రాకెన్‌రోల్ వాయించేవాళ్ళు. ట్రాష్‌మెన్ అంటే చెత్త ఎత్తేవాళ్ళు. వారాంతం వస్తే చుట్టుపక్కల ఊళ్ళ డాన్స్ హాళ్ళలో వాయించడమే వాళ్ళ పని.

1963లో ఇంకో స్థానిక బ్యాండ్ వాయిస్తుంటే విన్న ఒక పాటని తమ కచేరీలోకి తెచ్చుకున్నారు. అది లాస్ ఏంజిలస్‌కి చెందిన రివింగ్టన్స్ పాట అని అప్పటికి వాళ్ళకి తెలియదు. ఈడెన్ వ్యాలీ అనే చిన్న ఊళ్ళో, చబ్స్ బాల్‌రూమ్‌లో వారర్ డ్రమ్స్ వాయిస్తూనే దాన్ని ఎత్తుకుని, మధ్యలో గొంతుతో అప్పటికప్పుడు ఏవేవో వింత శబ్దాలు చేశాడు. ఆ రాత్రి అక్కడున్న రేడియో డీజే బిల్ డీల్ దీన్ని రికార్డు చేయమన్నాడు. నికొలెట్ అవెన్యూలోని కే బ్యాంక్ స్టూడియోలో రికార్డు చేశారు. అదే సర్ఫిన్ బర్డ్. గారెట్ అనే స్థానిక లేబుల్ మీద వచ్చి, 1964 మొదట్లో బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్ళింది. రివింగ్టన్స్ తరఫు వాళ్ళు అడ్డం తిరిగాక రచయితలుగా వాళ్ళ పేర్లే వేశారు. అది న్యాయమే అని నా అభిప్రాయం, విన్న ఆ పాటా, రివింగ్టన్స్‌దే ఇంకో పాటా కలిస్తేనే సర్ఫిన్ బర్డ్ అయింది మరి. కానీ ఆ మధ్యలోని గొంతు పిచ్చి మాత్రం పూర్తిగా వారర్‌దే.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే బీటిల్స్ అమెరికాలో దిగారు. సర్ఫ్ బ్యాండ్ల గాలి అక్కడితో తగ్గిపోయింది. ట్రాష్‌మెన్ తర్వాతి రికార్డు 30వ స్థానం దాకా వచ్చి ఆగింది. 1967లో విడిపోయారు.

మా లక్ష్యం ఏప్రిల్ చివరికి నాలుగు పాటలు, అందులో సర్ఫిన్ బర్డ్ ఒకటి. వినేవాళ్ళు ఇంట్లోవాళ్ళే.

నవంబరు 9

తీగలు మార్చాను. ఇన్నాళ్ళూ 10-46 మామూలు తీగలు వాడేవాణ్ణి (అంకెలు అన్నిటికన్నా సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). సర్ఫ్‌కి లావు తీగలు కావాలి, వీలైతే ఫ్లాట్‌వౌండ్, అంటే పైచుట్టు నున్నగా ఉండేవి. 11-50 వేశాను. మూడో తీగ కూడా చుట్టుతీగే, వంచి వాయించడం కష్టం. సర్ఫ్‌లో వంచేది తక్కువ కాబట్టి నష్టం లేదు.

లావు తీగలు వేయగానే బ్రిడ్జి, అంటే తీగల కింది చివర్లని పట్టి ఉంచే భాగం, ముందుకు లేచింది. వెనక మూత తీసి మూడు స్ప్రింగుల్ని నాలుగు చేసి, స్క్రూలు ఒక్కోటీ అర చుట్టు బిగించాను. మెడ కూడా ముందుకు వంగింది, దాని లోపలుండే ఇనప కడ్డీ ట్రస్ రాడ్‌ని పావు చుట్టు తిప్పి ఒక రాత్రి వదిలేశాను. మొత్తం రెండు గంటల పని. ట్రస్ రాడ్‌ని ఒక్కసారిగా తిప్పేయకండి. పావు చుట్టు, తర్వాత ఓపిక.

నవంబరు 23

ఈ వారం నాకు దొరికింది రాయకుండా ఉండలేను.

డిక్ డేల్ 1962లో రికార్డు చేసిన మిసిర్లూ సర్ఫ్ గిటార్‌కి మూలం లాంటిది. తూర్పు మధ్యధరా ప్రాంతంలో పాడుకునే పాత పాట అది. డేల్ తండ్రి లెబనాన్ మూలాలున్నవాడు, చిన్నాన్న ఊద్ అనే అరబ్బు తీగ వాయిద్యం వాయించేవాడు. డేల్ దాన్ని గిటార్ అడుగు తీగ మీద, అంటే అన్నిటికన్నా లావు తీగ మీద, కుడిచెయ్యి ఆగకుండా కొడుతూ వాయించాడు. నేర్చుకుందామని ఆ స్వరాలు అడుగు తీగ మీద వరసగా పెట్టి చూశాను. ఖాళీ తీగ, ఒకటో మెట్టు (ఫ్రెట్), నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. స రి గ మ ప ద ని స. మాయామాళవగౌళ. విజయనగరంలో అమ్మమ్మ చాప మీద కూర్చోబెట్టి సరళీ స్వరాలు చెప్పిన రాగం. సంగీతం మొదలుపెట్టే ప్రతి పిల్లా పిల్లాడూ గొంతు విప్పేది దీంతోనే. గమకాలు లేవు, కచేరీ రాగంగా చూస్తే ఇది వేరు, అది వేరు. కానీ మెట్లు అవే.

అందుకని అభ్యాసం మార్చేశాను. పుస్తకాల్లోని గిటార్ వ్యాయామాలు పక్కన పెట్టి, అడుగు తీగ మీద సరళీ స్వరాలు, ఒక్కో స్వరానికి నాలుగు దెబ్బలు: కిందికి, పైకి, కిందికి, పైకి. తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్ నిమిషానికి 90 దెబ్బల దగ్గర. రోజుకి ఇరవై నిమిషాలు, అంతకు మించి కాదు.

డిసెంబరు 14

మెట్రోనోమ్ 104. కానీ రికార్డు చేసుకుని వింటే పైదెబ్బ బలహీనంగా ఉంది. కిందిదెబ్బ ఠంగుమంటుంది, పైది దాని వెనక నక్కుతుంది. వేగం పెరిగేకొద్దీ నాలుగు దెబ్బల బదులు రెండే వినపడుతున్నాయి.

మందు మళ్ళీ అమ్మమ్మ పాఠంలోనే దొరికింది. జంట స్వరాల్లో రెండో స్వరం మీద ఒత్తు పెట్టాలి, సస రిరి గగ అని. ఒక్కో స్వరానికి రెండే దెబ్బలు వేస్తే రెండోది ఎప్పుడూ పైదెబ్బే అవుతుంది. అమ్మమ్మ చెప్పిన ఒత్తు సరిగ్గా నా బలహీనమైన దెబ్బ మీద పడుతోంది. పది రోజులు జంట స్వరాలే, 70 దగ్గర, పైదెబ్బని కావాలని గట్టిగా. మళ్ళీ నాలుగు దెబ్బలకి వచ్చేసరికి రెండూ సమానంగా వినపడ్డాయి. ఇక్కడ గిటార్ పాఠం చెప్పేవాళ్ళు ఎవరూ నాకీ మాట చెప్పలేదు.

చలి గురించి ఒక మాట. బయట మైనస్ 15లో కారులో ఉన్న గిటార్‌ని ఇంట్లోకి తేగానే పెట్టె తెరవకూడదు. గంటసేపు అలాగే ఉంచాలి. హీటర్ గాలికి ఇల్లంతా పొడి అయిపోయి మెడ చెక్క కాస్త కుంచించుకుపోయింది, ఫ్రెట్ల చివర్లు వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. గదిలో హ్యూమిడిఫయర్ పెట్టి తేమ 45 శాతం దగ్గర ఉంచుతున్నాను.

జనవరి 11

రివర్బ్ వారం.

సర్ఫ్ శబ్దంలో సగం ప్రాణం స్ప్రింగ్ రివర్బ్‌ది, అంటే స్ప్రింగులతో పుట్టించే ప్రతిధ్వనిది. రేకు డబ్బాలో పొడుగాటి స్ప్రింగులు ఉంటాయి. ఒక చివర చిన్న తీగచుట్ట వాటిని కదిలిస్తుంది, రెండో చివర ఇంకో చుట్ట ఆ కదలికని పట్టి మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. ఫెండర్ కంపెనీ 1961లో దీన్ని విడి పెట్టెగా అమ్మింది. అరచేతి అంచుని బ్రిడ్జి దగ్గర ఆనించి తీగని పొట్టిగా కొడితే, వానాకాలం చూరు నీళ్ళు రేకు డబ్బా మీద టప్పున పడ్డట్టు వినపడుతుంది. అది రాకపోతే సర్ఫ్ కాదు.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) అది రాలేదు. అమ్మినాయన "అన్నీ పనిచేస్తున్నాయి" అన్నాడు. రివర్బ్ గుండీ ఎంత తిప్పినా సన్నటి గుర్రు తప్ప ఏమీ లేదు. చాలా బాధేసింది. ఆ డబ్బుతో కొత్తది కొనుక్కోవచ్చు.

ఆంప్ ప్లగ్ తీసేసి, వెనక పలక విప్పి, అడుగునున్న డబ్బా బయటికి లాగాను. లోపలి వాక్యూమ్ ట్యూబుల సర్క్యూట్ జోలికి మాత్రం వెళ్ళలేదు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. డబ్బాని విడిగా మల్టీమీటర్‌తో చూశాను. లోపలికి వెళ్ళే వైపు ఒక ఓమ్ దగ్గర చూపించాలి, చూపించింది. బయటికి వచ్చే వైపు 200 ఓమ్‌ల దగ్గర ఉండాలి, అక్కడ ఏమీ లేదు. టార్చి వేసి చూస్తే కనపడింది: వెంట్రుక కన్నా కాస్త లావున్న తీగ, జాక్ దగ్గర టాకా ఊడి గాల్లో వేలాడుతోంది. మేనల్లుడు టార్చి పట్టుకున్నాడు, నేను ఊపిరి బిగపట్టి టాకా వేశాను. మీటర్ 198 చూపించింది. "మామయ్యా, వచ్చింది!" అని వాడు అరిచిన అరుపుకి అక్క మెట్లు దిగి వచ్చింది.

బిగించేటప్పుడు బయటికి వచ్చే వైపు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉండాలి, లేకపోతే గుర్రు పెరుగుతుంది. ఈ ఆంప్‌లో ఎవరో తిరగేసి పెట్టారు. సరిచేశాను.

జనవరి 25

112 దగ్గర ముంజేతికి నొప్పి. నాలుగు రోజులు ఆపేశాను. తప్పు పిక్ పట్టులో ఉంది. భయంతో బిగించి పట్టుకుంటున్నాను. ఇప్పుడు 1.5 మిల్లీమీటర్ల పిక్, బొటనవేలి బయటికి మూడు మిల్లీమీటర్లే కనపడేలా, తీగకి కాస్త ఏటవాలుగా. మందపాటి పిక్ వంగదు కాబట్టి చెయ్యి తక్కువ కదిలితే చాలు. "బావా, నేను నెమ్మదిగా వాయిస్తాను, నువ్వు తొందర పెట్టకు" అని ముందే చెప్పుకున్నాను. "తొందర పెట్టేది నేను కాదురా, నీ కొత్త డ్రమ్మర్" అన్నాడు.

ఫిబ్రవరి 22

నొప్పి పోయింది. 126. మిసిర్లూ మొదటి భాగం నిలబడుతోంది.

అసలు చిక్కు సర్ఫిన్ బర్డ్‌తో. గిటార్ వైపు నుంచి చూస్తే అది సులువే. కానీ ఆ పాట డ్రమ్మర్ గొంతులోంచి పుట్టింది. వాయిస్తూ పాడాలి, మధ్యలో అంతా ఆపి ఒక్కడే గొంతుతో గోల చేయాలి, మళ్ళీ అందరినీ లాక్కుని వేగంలోకి దూకాలి. 1964లో టీవీ కార్యక్రమం అమెరికన్ బ్యాండ్‌స్టాండ్‌కి వారర్ ఒక్కడే వెళ్ళి పాడి వచ్చాడంటే, జనానికి ఆ పాట అంటే అతనే.

ట్రాష్‌మెన్ మళ్ళీ కలిసిన కథలో నన్ను కదిలించేది ఇదే. 1980ల్లో నలుగురూ కలిసి మళ్ళీ వేదిక ఎక్కారు. 1989లో వారర్ గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఆ గొంతే పోయాక బ్యాండ్ ఎలా నిలవాలి? టోనీ తమ్ముడు మార్క్ ఆండ్రిసన్ వచ్చి డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాతి కాలంలో బాబ్ రీడ్ కొడుకు రాబిన్ ఆ చోటు తీసుకున్నాడు. బయటివాళ్ళని తేలేదు, ఇంట్లోవాళ్ళే వచ్చారు. 2014లో సర్ఫ్, రాకబిల్లీ (ఒక రకం పాత రాకెన్‌రోల్) రెండిట్లోనూ చెయ్యి తిరిగిన డీక్ డికర్సన్‌తో కలిసి కొత్త ఆల్బమ్ చేశారు. అప్పటికి మొదటి రికార్డు వచ్చి యాభయ్యేళ్ళు.

బేస్ వాయించే తండ్రి, డ్రమ్స్ వాయించే కొడుకు. మా బేస్‌మెంట్‌లోనూ అంతే. మేనల్లుడికి ఈ సంగతి చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆ పాట నేనే పాడాలి కదా మామయ్యా" అన్నాడు. ఇన్నాళ్ళూ పాడమంటే సిగ్గుపడ్డ పిల్లాడు.

మార్చి 22

వాడి అభ్యాసం ఇలా సాగుతోంది. మొదటి వారం కుర్చీలో కూర్చుని తొడల మీద చేతులతో దరువు, నోటితో మాట. రెండో వారం స్నేర్ అనే చిన్న డ్రమ్ము, హైహ్యాట్ అనే తాళాల జత మాత్రమే. మూడో వారం కాలితో కొట్టే కిక్ డ్రమ్ము కలిపాడు. కాలు కలవగానే మాట తడబడింది, మళ్ళీ వెనక్కి. ఇప్పుడు 100 దగ్గర ఆగకుండా రెండు నిమిషాలు పాడుతూ వాయిస్తున్నాడు. మధ్యలో గొంతు గోల దగ్గర గట్టిగా అరిచి గొంతు బొంగురు చేసుకున్నాడు. అక్క మిరియాల పాలు ఇచ్చింది, రెండు రోజులు పాడొద్దంది. అరుపు ఛాతీలోంచి రావాలి, గొంతు నలిపి కాదు. ఇది వాడికి నేను కాదు, స్కూల్లో కోరస్ నేర్పే టీచర్ చెప్పారు.

ఆదివారం అభ్యాసం అయ్యాక ముగ్గురం నికొలెట్ అవెన్యూకి ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) తినడానికి వెళ్ళాం. కే బ్యాంక్ స్టూడియో ఈ వీధిలోదే. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ విశాఖలో మాతో వాయించిన ఇద్దరి పేర్లూ తలుచుకున్నాడు. ఇంటికొచ్చి ఇద్దరికీ ఫోన్ చేశాం. ఒకడు ఎత్తాడు.

ఏప్రిల్ 26

నిన్న సాయంత్రం ఇరవై మంది వచ్చారు. అక్క పులిహోర, మిర్చి బజ్జీ చేసింది. ఆంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టాను, లేకపోతే డ్రమ్స్ అదురుకి స్ప్రింగులు ఢామ్మని మోగుతున్నాయి. డబ్బా కింద నాలుగు మూలలా పాత యోగా మ్యాట్ ముక్కలు వేశాను, ఇంకా బాగా తగ్గింది.

మిసిర్లూ 138 దగ్గర. రెండోసారి పైకి వెళ్ళినప్పుడు పదకొండో మెట్టు బదులు పది పడింది, నిషాదం మారిపోయింది. ముందు వరసలో కూర్చున్న అమ్మ తలెత్తి చూసింది. ఆవిడకి తెలిసిపోయింది.

ఆఖరున సర్ఫిన్ బర్డ్. మధ్యలో అంతా ఆగింది. మేనల్లుడు కర్రలు రెండూ ఒక చేత్తో పట్టుకుని, మైకు దగ్గరికి వంగి, కళ్ళు మూసుకుని గొంతు విప్పాడు. బేస్ తీగల మీద బావ చెయ్యి వణకడం నేను చూశాను. తర్వాత నాలుగు లెక్కపెట్టి వాడు స్నేర్ కొట్టాడు, ముగ్గురం ఒకేసారి పడ్డాం.

రికార్డింగ్ విన్నాను. నా పైదెబ్బ 130 దాటాక మళ్ళీ పలచబడుతోంది. రేపటి నుంచి జంట స్వరాలు, 80 దగ్గర.