నాన్నగారి పాత సెట్టు: ఆంప్ మార్చాలా వద్దా, మూడు వారాల పని

నాన్నగారి పాటల సెట్టు 1990ల నాటిది. ఛానెల్‌కి (ఒక్కో స్పీకర్‌కి) 40 వాట్ల ఆంప్ (ఆంప్లిఫయర్), 8 అంగుళాల వూఫర్లు (బరువు స్వరాలు పలికేవి) ఉన్న రెండు స్పీకర్లు, విశాఖలో ఎంవీపీ కాలనీ ఇంట్లో ఏళ్ల తరబడి దుప్పటి కప్పుకుని ఉన్నాయి. కొత్త ఆంప్ కోసమని పాతిక వేలు పక్కన పెట్టేశా కూడా, కానీ ఏది పోయిందో తెలీకుండా డబ్బులు పెట్టడానికి మనసొప్పలేదు.

మొదటి వారం ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ పెట్టా. ఆ కాలం రికార్డింగులు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని, కాబట్టి వయొలిన్ రెండు స్పీకర్లకి నట్టనడుమ వినపడాలి, అదేమో ఎడమకి లాగేస్తోంది. ఆంప్ వెనక కుడి ఎడమ స్పీకర్ వైర్లు తారుమారు చేసి మళ్లీ విన్నా, అయినా ఎడమకే లాగింది, అంటే ఆంప్ తప్పు కాదు, కుడి స్పీకర్‌దే. ఈ ఒక్క పరీక్ష పాతిక వేలు ఆపింది!

జాలీ తీసి చూస్తే కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు తగలగానే నల్లటి మడ్డిలా అంటుకుని రాలిపోయింది. కోన్ మాత్రం చెక్కుచెదరలేదు. టెర్మినళ్ల మీద పచ్చగా చిలుము, మన సముద్రపు గాలికి రాగీ ఇత్తడీ ఏదీ ఆగదు కదా. క్రాసోవర్‌లో (ధ్వనిని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) ట్వీటర్, అంటే సన్న స్వరాల చిన్న స్పీకర్, దాని కెపాసిటర్ ఒక కాలు విప్పి కొలిస్తే 4.7 మైక్రోఫారడ్ ఉండాల్సింది 2.9 చూపించింది, అందుకే అటువైపు తీగలో మెరుపు లేదు.

రెండో వారమంతా ఫోమ్ పనే. పాత జిగురంతా మొండి చాకుతో గీకి, కొత్త రింగు అంటించి, జిగురు ఆరకముందే రెండు చేతుల వేళ్లతో కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కుతూ చూడాలి, గీసుకున్న చప్పుడు వస్తే కోన్ వెనకుండే తీగచుట్ట (కాయిల్) మధ్యలో లేదన్నమాట, అప్పుడే సర్దాలి, ఆరాక ఇంక ఏం చేయలేం. నాకు రెండోసారికి కుదిరింది. కెపాసిటర్లు మాత్రం రెండు వైపులా మార్చా, ఒకవైపే కొత్తదైతే మళ్లీ తేడా వస్తుంది. రింగులూ కెపాసిటర్లూ జిగురూ అన్నీ కలిపి పద్నాలుగొందలు.

మూడో వారం ఆంప్‌ని డాబాగార్డెన్స్ వైపు ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ (సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది) కొలిచి 12, 17 మిల్లీవోల్టులు చూపించి "బాగానే ఉంది కదేటి బాబూ, దీన్నెందుకు తీసేస్తావు" అన్నారు. నిజమే, 40 వాట్ల బదులు 80 వాట్లు కొన్నా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొద్దిపాటి తేడా, మా 12 బై 11 గదికి ఇప్పుడున్నదే ఎక్కువ.

ఆంప్ ఉంచేస్తున్నా. వాల్యూమ్ తిప్పితే గరగర ఇంకా ఉంది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాతికసార్లు తిప్పాలి, వచ్చే ఆదివారం ఆ పని. నిన్న రాత్రి నాన్నగారు వచ్చి కూర్చున్నారు, వయొలిన్ సరిగ్గా నడిమధ్యలోంచి వస్తోంది, రికార్డు రెండో వైపు కూడా పెట్టమన్నారు.