మంటకు మందుంది, మొద్దుబారిన పాదానికి లేదు

మొదట కాలి బొటనవేళ్లు తిమ్మిరెక్కాయి. ఎంత విదిలించినా వదిలే తిమ్మిరి కాదది. తర్వాత అరికాళ్ల మంట మొదలైంది. పగలు ఏదో పనిలో పడి మరిచిపోయేవాణ్ణి గానీ, రాత్రి దుప్పటి అంచు వేళ్లకు తగిలితే చాలు, విలవిలలాడేవాణ్ణి. నాకు 69 ఏళ్లు, మధుమేహం పాతదే. "షుగర్ ఉన్నవాళ్లకు ఇవి మామూలే" అని అందరూ తేల్చేసేవారు. ఆ మాట వింటే అరికాళ్ల కన్నా ఒళ్లు ఎక్కువ మండేది.

నరాల డాక్టరమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. పడుకోబెట్టి, కళ్లు మూసుకోమన్నారు. సన్నని నైలాన్ పోగు అరికాలికి ఆనిస్తాననీ, తగిలినప్పుడల్లా చెప్పమనీ అన్నారు. ఎప్పుడు మొదలుపెడతారా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. కళ్లు తెరవమనేసరికి కుడి పాదం పరీక్ష అయిపోయింది! శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే కంపనం తెలియలేదు, మోకాలి దగ్గర తెలిసింది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోగానే పక్కకు తూలాను. పట్టుకోవడానికి ఆవిడ ముందే చేతులు చాచి ఉన్నారు.

పాదాలకు వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవట. నరాలకు లోటు వస్తే చాలావరకు ముందు దెబ్బతినేవి వాటి కొసలే. అందుకే ఈ జబ్బు వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది.

షుగర్ అదుపులోనే ఉన్నా ఇంత నష్టం ఎందుకన్నది ఆవిడ సందేహం. థైరాయిడ్, మూత్రపిండాలు, రక్తంలోని ప్రోటీన్లు, నరాలకు అవసరమైన విటమిన్ బీ12 అన్నిటికీ పరీక్షలు చేయించారు. బీ12 మిల్లీలీటరుకు 140 పికోగ్రాములే ఉంది. 200 కన్నా తగ్గితే లోటు కిందే లెక్క. నేను వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే కొందరిలో పేగులు బీ12ను సరిగా పీల్చుకోవు. ఆహారంలోని బీ12 విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, నేనేమో ఆమ్లం తగ్గించే మాత్ర కూడా రోజూ వేసుకుంటున్నాను. మెట్‌ఫార్మిన్ ఆపకుండానే 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట్లో వెంటవెంటనే, తర్వాత నెలకొకటి.

మంటకు ప్రీగాబాలిన్ ఇచ్చారు. మంట తగ్గింది, బదులుగా పొద్దున లేవగానే కళ్లు తిరగడం, చీలమండల వాపు వచ్చాయి. అసలే తూలే మనిషికి కళ్లు తిరిగే మందేమిటని గొణిగితే, మెల్లగా తగ్గించి డులోక్సెటిన్‌కు మార్చారు. అది పడింది.

మంట తగ్గగానే ఇంట్లో అందరూ జబ్బు నయమైందనుకున్నారు. నిజానికి నన్ను ఎక్కువ బాధపెట్టింది మొద్దుబారడమే. నొప్పిలేదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే ఒళ్లు ఊగిపోయేది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. "నాన్నా, చెప్పు వెనకే ఉండిపోయింది" అని అమ్మాయి పిలిస్తే వెనక్కి చూసుకునేవాణ్ణి.

దీనికి మాత్ర లేదు, సాధన ఉంది. ఫిజియోథెరపిస్టు నేర్పినవి చూడటానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి: గట్టు పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం, ఒక కాలి వేళ్లకు మరో కాలి మడమ ఆనిస్తూ నడవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. విసుగే, కానీ ఇంజెక్షన్ల కన్నా నా నడకను ముందుగా మార్చింది ఇదే. తెగిన నరం కూడా రోజుకు దాదాపు ఓ మిల్లీమీటరే పెరుగుతుందట, వయసు మీదపడితే ఇంకా నెమ్మదట. పాదం దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో లెక్క వేసుకుని, ఇక ఆ లెక్క జోలికి పోలేదు.

రాత్రిళ్లు గదిలో చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది. పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను, గాయమైనా నొప్పి చెప్పదు కదా. చేతికర్ర మొదట నామోషీ అనిపించింది. దానిపై బరువు వేయకపోయినా, కొస నేలకు ఆనితే చాలు, తూలు తగ్గుతుంది.

ఈ మధ్య పరీక్షలో ఎడమ పాదానికి పోగు కొన్నిచోట్ల తెలిసింది. కుడి బొటనవేలికి ఇంకా తెలియడం లేదు. ఆమ్లం తగ్గించే మాత్ర మానేయవచ్చో లేదో ఈసారి వెళ్లినప్పుడు చెబుతామన్నారు.