నెట్ కెమికల్ సైన్సెస్: నీటి క్లస్టర్లతో నా ఫిజికల్ కెమిస్ట్రీ ప్రిపరేషన్

సీఎస్ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ రాసేవాళ్ల కోసం ఇది, గేట్ వాళ్లకీ పనికొస్తుంది. రోజుకి ఎన్ని గంటలు చదవాలి లాంటి సలహాలు నా దగ్గర లేవు, ఒక్క టాపిక్ గురించే చెప్తాను. గ్రూప్ థియరీ (అణువుల సిమెట్రీ లెక్క), రొటేషనల్, ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రోస్కోపీ, జీరో పాయింట్ ఎనర్జీ (అణువు అత్యల్ప స్థితిలో ఉన్నా వైబ్రేషన్లలో మిగిలే శక్తి), అణువుల మధ్య బలాలు, వీటిని ఐదు నోట్‌బుక్కుల్లో విడివిడిగా చదివితే రివిజన్‌కొచ్చేసరికి ఒకటి గుర్తుంటే ఇంకోటి పోతుంది. నాకు వీటన్నిటినీ ఒక్కచోట కలిపి చూపించింది రెండు నుంచి ఆరు నీటి అణువులుండే చిన్న క్లస్టర్లు, అంటే గుంపులు: రెండుంటే డైమర్, మూడుంటే ట్రైమర్, ఆ తర్వాత టెట్రామర్, పెంటామర్, హెక్సామర్. సిలబస్‌లో ఈ పేరుతో యూనిట్ ఏదీ వెతక్కండి, దొరకదు.

డైమర్ గీయండి, చూసి ఊరుకోవద్దు. ఒక అణువు హైడ్రోజన్ ఇస్తుంది, అది డోనార్. రెండోది ఆక్సిజన్ మీది లోన్ పెయిర్‌తో (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటతో) అందుకుంటుంది, అది యాక్సెప్టర్. ఈ హైడ్రోజన్ బంధం దాదాపు సరళరేఖలో ఉంటుంది, ఆక్సిజన్ల మధ్య దూరం సుమారు 2.98 ఆంగ్‌స్ట్రామ్‌లు. డోనార్ మొత్తం కాగితం తలంలో ఉంటే యాక్సెప్టర్ హైడ్రోజన్లు కాగితానికి ముందొకటి, వెనకొకటి పడతాయి. మిగిలేది ఒక్క అద్దం తలమే, పాయింట్ గ్రూప్ (సిమెట్రీని బట్టి ఇచ్చే పేరు) సీఎస్.

బంధ శక్తి ఒకచోట మోల్‌కి 5 కిలోకేలరీలని, ఇంకోచోట 3.16 అని కనిపిస్తే టెన్షన్ పడొద్దు, రెండూ కరెక్టే. మొదటిది పొటెన్షియల్ ఎనర్జీ వక్రం అడుగు నుంచి లెక్క కట్టింది, రెండోది జీరో పాయింట్ లెవెల్ నుంచి కొలిచింది. రెండు అణువులు కలిసేసరికి అంతకుముందు లేని ఆరు వైబ్రేషన్లు కొత్తగా పుడతాయి (3ఎన్–6 వేసి చూడండి, ఎన్ అంటే పరమాణువుల సంఖ్య: డైమర్‌కి వచ్చే 12లోంచి రెండు విడి అణువుల 6 తీసేస్తే వస్తాయి), ఆ తేడా ప్రధానంగా వాటి జీరో పాయింట్ ఎనర్జీయే. భారజలం డైమర్‌కి ఈ విలువ 3.56. అందులో హైడ్రోజన్ బదులు ఉండే డ్యుటీరియం బరువు కాబట్టి జీరో పాయింట్ తగ్గుతుంది, బంధం తెంచడానికి ఎక్కువ శక్తి కావాలి. ఐసోటోప్ ఎఫెక్ట్ ప్రశ్న ఏది వచ్చినా నేను ముందు ఈ డైమర్నే తలుచుకునేదాన్ని.

అసలు మజా ట్రైమర్ నుంచి. మూడు ఆక్సిజన్లు త్రిభుజంలా కూర్చుంటాయి, ప్రతి అణువూ ఒకరికి ఇస్తూ ఇంకొకరి దగ్గర తీసుకుంటుంది. బంధంలో లేని మూడు హైడ్రోజన్లలో రెండు తలానికి ఒకవైపు, ఒకటి రెండోవైపు ఉంటాయి. మూడూ ఒకేలా లేవు కాబట్టి సిమెట్రీ ఏమీ మిగలదు, సీ1. టెట్రామర్‌లో అవి పైకి, కిందికి, పైకి, కిందికి సరిగ్గా సర్దుకుంటాయి, అది ఎస్4 (90 డిగ్రీలు తిప్పి అద్దంలో చూపితే మళ్లీ అదే ఆకారం). ఎస్4 అంటే డైపోల్ (ధన, రుణ ఆవేశాల మధ్య ఎడం) సున్నా, డైపోల్ లేకపోతే మైక్రోవేవ్‌లో ప్యూర్ రొటేషనల్ స్పెక్ట్రం రాదు. డైమర్‌కి వస్తుంది. ఈ ఒక్క వాక్యంలో రెండు యూనిట్లు కలిసిపోయాయి చూడండి.

ఇంకో విషయం, బంధాలు విడివిడిగా కూడితే లెక్క తప్పుతుంది. ఆక్సిజన్ల దూరం ట్రైమర్‌లో సుమారు 2.85, టెట్రామర్‌లో 2.79, పెంటామర్‌లో 2.76, అంటే మంచులో ఉన్న దూరానికి దాదాపు వచ్చేసింది. ఒక బంధం పక్క బంధాన్ని బలపరుస్తుంది, దీన్నే కోఆపరేటివిటీ అంటారు. ఐఆర్‌లో ఇది కంటికి కనిపిస్తుంది: బంధంలో ఉన్న ఓ–హెచ్ స్ట్రెచ్ డైమర్‌లో సుమారు 3600 వేవ్‌నంబర్లు (సెం.మీ⁻¹), ట్రైమర్‌లో 3530, టెట్రామర్‌లో 3415, పెంటామర్‌లో 3360. బంధంలో లేని ఓ–హెచ్ మాత్రం 3720 దగ్గరే తిష్ట వేసుకుని ఉంటుంది. 2011లో ఐయూపాక్ (కెమిస్ట్రీలో పేర్లు, నిర్వచనాలు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన హైడ్రోజన్ బంధం నిర్వచనంలోనూ ఇలా వేవ్‌నంబర్ తగ్గడం, అంటే రెడ్ షిఫ్ట్, ఒక గుర్తుగా ఉంది. ఆ నిర్వచనం తెచ్చిన బృందానికి అధ్యక్షుడు బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్ ఈ. అరుణన్.

హెక్సామర్ దగ్గరికొచ్చేసరికి రింగ్ ఒక్కటే కాదు, ఆకారాల మధ్య పోటీ మొదలవుతుంది. రింగ్‌లో 6 బంధాలు, బుక్‌లో (తెరిచిన పుస్తకంలా) 7, కేజ్‌లో (పంజరంలా) 8, ప్రిజమ్‌లో 9. బంధాలు ఎక్కువుంటే ప్రిజమే గెలవాలి కదా అనిపిస్తుంది. కానీ బంధాలు పెరిగేకొద్దీ కోణాలు వంకరపోయి ఒక్కో బంధం బలహీనపడుతుంది, పైగా జీరో పాయింట్ ఎనర్జీ కూడా లెక్కలోకి వస్తుంది. 2012లో రొటేషనల్ స్పెక్ట్రోస్కోపీతో కేజ్, ప్రిజమ్, బుక్ మూడింటినీ ఒకే ప్రయోగంలో చూశారు, అన్నిటికంటే తక్కువ శక్తి కేజ్‌దని తేలింది. రింగ్‌కి డైపోల్ లేదు కాబట్టి ఆ పద్ధతికి చిక్కదు, దాన్ని అంతకుముందే 2000లో హీలియం బిందువుల్లో ఐఆర్‌తో పట్టుకున్నారు.

టన్నెలింగ్, జీ16 గ్రూపు జోలికి వెళ్లకండి, పరీక్షకి అంత లోతు అక్కర్లేదు, పీహెచ్‌డీలో చూసుకోవచ్చు. నెట్ పేపర్ పార్ట్ సీలో 60 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పైతే ఒకటి పోతుంది. బొమ్మ గీస్తే తేలిపోయే పాయింట్ గ్రూప్, స్పెక్ట్రా ప్రశ్నలు ముందు చేసెయ్యండి, పొడుగు లెక్కలు తర్వాత.