వరంగల్ నుంచి మోటుపల్లి: ఒక్కరోజు ప్రయాణం

కాకతీయుల ఓడరేవు చూడాలంటే ఓరుగల్లు వాళ్లు రాష్ట్రం దాటాల్సిందే. మోటుపల్లి ఇప్పుడు ఆంధ్రలోని బాపట్ల జిల్లాలో ఉంది.

రాత్రి చెన్నై వైపు పోయే రైలెక్కితే పొద్దుగాల చీరాలలో దిగొచ్చు. చినగంజాం స్టేషన్ ఇంకా దగ్గర, కానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలామటుకు అక్కడ ఆగవు. చీరాలలో ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. పోను మాత్రమే మాట్లాడితే తిరుగు బండి దొరకడం కష్టం. సొంత కారుకు పేచీ లేదు గానీ, పసుపు బోర్డు బండికి ఆంధ్ర పర్మిట్, పన్ను సంగతి బయల్దేరక ముందే తేల్చుకోవాలి.

మోటుపల్లి వీరభద్రాలయంలోని స్తంభం మీద ఉన్నదే కాకతీయ రాజు గణపతిదేవుడు సముద్ర వర్తకులకు భరోసా ఇస్తూ వేయించిన అభయ శాసనం, 1244-45 నాటిది. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే మునుపటి రాజులు గుంజుకునేవాళ్లు. ఈయన అది మాన్పించి, ముప్పైలో ఒక వంతు సుంకం చాలన్నాడు. నన్నడిగితే వరంగల్ కోట తోరణాల కన్నా ఈ రాతికే ఎక్కువ విలువ. అక్షరాలు కనబడాలంటే టార్చి ఎదురుగా కాదు, పక్క నుంచి వాలుగా కొట్టాలి. సుద్దముక్క రుద్దితే రాయి పాడవుతుంది. మధ్యాహ్నం గుడికి తాళం పడుతుంది కాబట్టి ముందు గుడి, తర్వాతే చీరాల దగ్గరి వాడరేవు సముద్రం.