ఫ్రిజ్ కన్నా ముందు టెస్టర్

అద్దె ఇంట్లో దిగగానే పాలు పొంగించడం అమ్మ పని, ప్లగ్ పాయింట్లు చూడటం నాది. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ గుచ్చి స్విచ్ వేస్తాను. ఏవి వెలిగాయో దాని మీదున్న పట్టికతో పోల్చుకోవడమే. హాల్లో అన్నీ బాగున్నాయి. వంటింట్లో, సరిగ్గా ఫ్రిజ్ పెట్టే చోట, ఎర్త్ లేదని చూపించింది.

"ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదమ్మా" అన్నారు ఓనరుగారు. కాదు మరి! ఎర్త్ లేకపోయినా ఫ్రిజ్ చల్లగానే నడుస్తుంది. లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిన రోజే తెలుస్తుంది, అదీ తలుపు పట్టుకున్నవాళ్లకి.

ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే ఎర్త్ కోసం ఉండే పై రంధ్రానికి వైరే లేదు. పచ్చ వైరు లాగించాం. అన్నట్టు, ఎర్తూ న్యూట్రలూ తారుమారైతే ఈ టెస్టర్ పట్టుకోలేదు. ఎర్త్ గుంత ఎండిపోయిందేమో కూడా చెప్పదు. అందుకే, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా అడిగాను. ఓనరుగారు ఇంకా ఆలోచిస్తున్నారు.