పాజిటివ్ అని వచ్చిన రాత్రి

మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి ఉన్నా లేకపోయినా, యూరాలజిస్టుకు, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టరుకు, చూపించుకోవాలి. మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో మొదట బయటపడేది నొప్పి లేకుండానే. మంట ఉండదు, జ్వరం ఉండదు. ఉన్నట్టుండి ఎర్రగా వస్తుంది, రెండ్రోజుల్లో తనంతట తనే ఆగిపోతుంది. నేను మొదటిసారి చూడగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఈ వయసు ఆడవాళ్ళకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ మామూలేనమ్మా" అని యాంటీబయాటిక్ రాశారు. మళ్ళీ రక్తం వచ్చింది. మందు మార్చారు. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టులో ఉన్నా, దాన్ని పక్కన పెట్టి ఇంకో కోర్సు రాశారు. స్కానింగ్ చేయిద్దామా అని నేనే అడిగాను. "అంత భయం దేనికి?" అన్నారు. ఆ మాటను నేనింకా క్షమించలేదు.

ఈ జబ్బు ఆడవాళ్ళకంటే మగవాళ్ళకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే మగవాడికి రక్తం పడితే కణితి ఉందేమోనని వెతుకుతారు, ఆడదానికి పడితే ఇన్‌ఫెక్షన్ అంటారు. ఆడవాళ్ళలో ఇది ఆలస్యంగా, ముదిరాక బయటపడటం ఎక్కువని తర్వాత తెలిసింది. నా ఒక్కదాని గోడు కాదన్నమాట. అది తెలిశాక కోపం ఇంకా పెరిగింది.

చివరికి మా అక్క నన్ను వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అల్ట్రాసౌండ్, మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూసే సిస్టోస్కోపీ, కణితిని లోపలినుంచే గీకి తీసే టీయూఆర్‌బీటీ, మూత్రం పోవడానికి కెథీటర్ గొట్టం, కొన్ని వారాలకు మళ్ళీ అదే చోట ఇంకోసారి గీకడం, ఇవన్నీ గబగబా జరిగిపోయాయి. బయాప్సీలో హై గ్రేడ్ (త్వరగా ముదిరే రకం), టీ1 దశ అని వచ్చింది. లోపలి పొరను దాటింది, కండరంలోకి ఇంకా దిగలేదు. ఆ "ఇంకా" అన్న మాటను పట్టుకునే నేను ఆ నెలలన్నీ గడిపాను.

తర్వాత బీసీజీ. క్షయకు వేసే టీకా మందునే కెథీటర్ ద్వారా మూత్రాశయంలోకి ఎక్కించి, రెండు గంటలు ఆపుకోమంటారు. 1976లో కెనడాలో ఆల్వరో మొరాలెస్ అనే డాక్టరు దీని తొలి ఫలితాలు ప్రచురించారు, నేటికీ ఈ దశకు ముఖ్యమైన వైద్యం ఇదే. వారానికొకటి చొప్పున ఆరు, ఆపైన నెలల ఎడంతో మరికొన్ని. మందు వేసిన రోజు మంటకు కూర్చోలేకపోయేదాన్ని. ఆ గదిలో పనిచేసే నర్సు ప్రతిసారీ నా భుజం మీద చెయ్యి వేసి, "ఊపిరి వదలండమ్మా, అయిపోయింది" అనేది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలని రోజూ మనసులో అనుకుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ క్యాన్సర్ తిరిగి రావడం ఎక్కువ కాబట్టి మూడు నెలలకోసారి కెమెరా పెట్టి చూస్తారు. దానికి తోడుగా మూత్రంలో మిథైలేషన్, అంటే జన్యువుల మీద చేరే రసాయన గుర్తులు, చూసే పరీక్ష కూడా చేయిద్దామన్నారు మా యూరాలజిస్టు. కెమెరాలో అంతా శుభ్రంగా ఉందన్నారు. కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం, మూత్రపరీక్ష రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. స్కోరు గీత దాటింది. పాజిటివ్. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే అవతల ఒకాయన చాలా మామూలుగా, "పాజిటివ్ అంటే తిరిగొచ్చినట్టేనండీ, డాక్టరుగారిని కలవండి" అని పెట్టేశారు.

ఆ రాత్రి నేను పడుకోలేదు. మావారు పక్కనే కూర్చున్నారు, ఏం మాట్లాడాలో ఆయనకీ తెలియలేదు. అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఫోన్ తీయడం, పెట్టేయడం. మూత్రాశయం తీసేస్తే పొట్ట మీద సంచితో ఎలా బతుకుతారో చదవడం. మధ్యమధ్య బాత్రూమ్‌కి వెళ్ళి రంగు చూసుకోవడం. ప్రతిసారీ తేటగానే ఉంది. తేటగా ఉన్నదాన్ని చూసినా గుండె దడదడలాడింది, ఎందుకంటే ఇక కంటికి కనబడేదాన్ని నమ్మే వీల్లేదని ఆ రిపోర్టు చెప్పింది. తెల్లవారుజామున దేవుణ్ణి అడిగాను. నయం చేయమని కాదు, అమ్మాయి కాన్పు అయ్యేదాకా ఉంచమని.

పొద్దున మా యూరాలజిస్టు డాక్టరమ్మ ఆ రిపోర్టు చూసి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "ఇంకాస్త గట్టిగా వెతకమంటోందమ్మా ఇది. దొరికిందని ఇందులో ఎక్కడా లేదు" అన్నారు. తర్వాత ఆవిడ విడమర్చి చెప్పినదంతా నాకు గుర్తుంది. మన కణాల్లో జన్యువుల అక్షరాలు మారకుండానే, వాటి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చేరి కొన్నిటిని మూగబోయేలా చేస్తాయట. గదిలో తీగ తెగలేదు, బల్బు కాలిపోలేదు, ఎవరో స్విచ్చికి టేపు వేసేశారు, అలాగన్నమాట. కణితి పెరగకుండా ఆపే జన్యువుకి ఆ టేపు పడితే కణాలకు పగ్గం ఉండదు. మూత్రాశయం గోడనుంచి రాలిన కణాలు మూత్రంలో ఉంటాయి కాబట్టి ఆ గుర్తులు అక్కడ పట్టుకోవచ్చు. ఓటీఎక్స్1, వన్‌కట్2, ట్విస్ట్1 లాంటి జన్యువుల్లో వీటిని వెతికే పరీక్షలు ఉన్నాయి.

ఇలాంటి పరీక్ష బలం నెగెటివ్‌లో ఉందన్నారు. నెగెటివ్ వస్తే, ప్రమాదకరమైన హై గ్రేడ్ కణితి ఉండే అవకాశం బాగా తక్కువ. పాజిటివ్ వచ్చి కెమెరాలో ఏమీ లేకపోతే మాత్రం రెండు దారులు: కొందరిలో నెలల తర్వాత కణితి బయటపడుతుంది, కొందరిలో ఎప్పటికీ పడదు. మూత్రాశయంలో ఉండే పొరే మూత్రనాళాల్లోనూ, కిడ్నీ లోపలి భాగంలోనూ ఉంటుంది కాబట్టి సీటీ తీశారు. మూత్రాశయంలో చూడ్డానికి బాగున్న చోట్లనుంచి కూడా ముక్కలు తీశారు. ఎక్కడా క్యాన్సర్ లేదు. బీసీజీ వల్ల వచ్చిన వాపు మాత్రం ఉంది. తర్వాతి పరీక్షలో స్కోరు గీత కిందికి వచ్చింది.

ఆ ఫోన్‌లో మనిషికి ఒక్క వాక్యం తక్కువ చెప్పడం వచ్చి ఉంటే ఆ రాత్రి నాకు ఉండేది కాదు. "డాక్టరుగారిని కలవండి" చాలు. మిగతాది ఆయన చెప్పాల్సింది కాదు.

మరి తిరిగొస్తుందా రాదా అన్నది ముందే చెప్పే గుర్తులు లేవా అని డాక్టరమ్మని అడిగాను. ఉన్నాయన్నారు. ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ లాంటి జన్యువులకు మిథైల్ గుర్తులు ఉన్న కణితులు ముదిరే అవకాశం ఎక్కువని పరిశోధనల్లో కనబడింది. కేడీఎం6ఏ అనే జన్యువు ఉంది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, జన్యువులు చుట్టుకుని ఉండే ప్రోటీన్ల మీది ఇలాంటి గుర్తుల్ని చెరిపే పనిలో ఉంటుంది, కండరం చేరని కణితుల్లో అది దెబ్బతినడం ఆడవాళ్ళలో ఎక్కువ. అది విని, నాలాంటివాళ్ళ గురించి కూడా ఎవరో పట్టించుకుని చూశారు కదా అని కళ్ళు చెమర్చాయి. కానీ ఇవన్నీ వందలమందిని కలిపి చూస్తే తేలే లెక్కలు. అందుకే వైద్యం నిర్ణయించేది ఇప్పటికీ కణితి దశ, గ్రేడు, ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దవి, పక్కన సీఐఎస్ (పై పొరలోనే చదునుగా పాకే హై గ్రేడ్ క్యాన్సర్) ఉందా, మనిషి వయసెంత అన్నవే.

మిథైల్ గుర్తుకు ఒక మంచి గుణం ఉంది: దాన్ని తీసేయొచ్చు. అజాసిటిడిన్ అనే మందు చేసే పని అదే. ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌కి 2004లోనే అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. మూత్రాశయానికి ఇవాళ దాన్ని మామూలు వైద్యంగా వాడటం లేదు, కానీ ఆ దారి ఉందన్న మాటే నాకు ధైర్యం.

అమ్మాయి కాన్పు బాగా జరిగింది. దేవుణ్ణి ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువ అడుగుతున్నాను.

ఇలాంటి రిపోర్టు మీ చేతికొస్తే డాక్టరుని ఇలా అడగండి: ఈ పరీక్షను నా దశలో ఉన్నవాళ్ళ మీద చేసి చూశారా? దీన్నిబట్టి నా వైద్యంలో ఏమన్నా మారుతుందా? మారదంటే ఆ స్కోరు గురించి రాత్రంతా మేలుకోకండి. నెగెటివ్ వచ్చింది కదా అని డాక్టరు చెప్పకుండా సిస్టోస్కోపీ మానకండి. పొగ తాగే అలవాటుంటే ఇవాళే మానండి, ఈ క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం అదే. రక్తం పడి, కల్చర్‌లో ఏమీ లేకపోతే, ఇంకో యాంటీబయాటిక్ కోర్సుకి ఒప్పుకోకండి. కెమెరా పరీక్ష కావాలని అడగండి. కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

ఆ మొదటి డాక్టరుకి నా బయాప్సీ రిపోర్టు కాపీ, ఆయన పక్కన పెట్టిన కల్చర్ రిపోర్టు కలిపి పంపాను. జవాబు రాలేదు. ఆయన్ని కలిసి ఒక్క మాటయినా చెప్పించుకోవాలని నాకింకా ఉంది. వెళ్దామంటే మా అక్క సిద్ధంగానే ఉంది.